బంకమట్టి, జియోలైట్ నమూనాలపై వాయు అధిశోషణం: ఫలితం పొసగనప్పుడు కారణం ఎక్కడ వెతకాలి

సహజ బంకమట్టి మీద గానీ, ఆమ్లంతోనో వేడితోనో శుద్ధి చేసిన జియోలైట్ (సన్నని రంధ్రాల చట్రమున్న అల్యూమినియం-సిలికాన్ ఖనిజం) మీద గానీ వాయు అధిశోషణం (వాయు అణువులు ఉపరితలానికి, రంధ్రాలకు అంటుకోవడం) కొలిచినప్పుడు అంకె ఊహకు అందకుండా వస్తే, చాలామంది ముందు పరికరాన్ని, ఆ తర్వాత ఖనిజాన్ని అనుమానిస్తారు. ఎక్కువసార్లు కారణం ఆ రెండింటిలోనూ ఉండదు. నమూనాలో మిగిలిపోయిన నీరు, రంధ్రద్వారం దగ్గర కూర్చున్న కేటయాన్ (ధనావేశ అయాన్), మనం ఎంచుకున్న వాయువు అనే మూడింటిలో ఒకటి ఫలితాన్ని మార్చేస్తుంది. అందువల్ల కింది ప్రతి సమస్యలోనూ ఐసోథర్మ్‌ను (స్థిర ఉష్ణోగ్రతలో పీడనంతో అధిశోషణం ఎలా మారిందో చూపే రేఖను) ఒంటరిగా కాకుండా, స్ఫటిక నిర్మాణాన్ని చూపే ఎక్స్‌రే వివర్తన రేఖతో కలిపి చదవాలన్నది నా గట్టి అభిప్రాయం.

లక్షణం: సహజ జియోలైట్‌కు ఉపరితల వైశాల్యం మరీ తక్కువగా వస్తోంది

క్లినోప్టిలోలైట్ అనే సహజ జియోలైట్ మీద 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్‌తో కొలిస్తే తరచూ గ్రాముకు కొన్ని పదుల చదరపు మీటర్లు మాత్రమే వస్తుంది. స్ఫటికంలో పది, ఎనిమిది ఆక్సిజన్ పరమాణువుల వలయాలతో ఏర్పడిన కాలువలు ఉన్న మాట నిజమే గానీ, వాటిలో సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు దారికి అడ్డంగా ఉంటాయి. అంత చల్లని ఉష్ణోగ్రతలో నైట్రోజన్ అణువుకు వాటిని దాటి లోపలికి వ్యాపించేంత శక్తి ఉండదు. కాబట్టి మనం కొలిచింది ప్రధానంగా రేణువుల బయటి ఉపరితలాన్నీ, రేణువుల మధ్య ఖాళీలనూ. ఈ సంగతి 4ఏ జియోలైట్‌లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది: ఎనిమిది ఆక్సిజన్ల కిటికీలలో సోడియం ఉన్నంతకాలం 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్ దాదాపు లోపలికి పోదు, కానీ రెండు సోడియం అయాన్ల స్థానంలో ఒక కాల్షియం చొప్పున మార్చగానే కిటికీలు ఖాళీ అయి, 5ఏ రూపంలో అదే చట్రం నైట్రోజన్‌ను ధారాళంగా తీసుకుంటుంది.

పరిష్కారానికి రెండు దారులున్నాయి. మొదటిది, 273 కెల్విన్ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో కొలవడం. అణువు కాస్త సన్నం, ఉష్ణోగ్రత బాగా ఎక్కువ కాబట్టి ఇరుకైన రంధ్రాలలోకి చేరగలదు. అయితే ఆ ఉష్ణోగ్రత వద్ద దాని సంతృప్త పీడనం సుమారు 35 బార్లు కావడం వల్ల, ఒక అట్మాస్ఫియర్ వరకు కొలిస్తే సాపేక్ష పీడనం (పీడనాన్ని సంతృప్త పీడనంతో భాగిస్తే వచ్చేది) 0.03 దాటదు. వచ్చిన విలువ సన్నని సూక్ష్మరంధ్రాలకే వర్తిస్తుంది గనుక దాన్ని నైట్రోజన్ వైశాల్యం పక్కన ఒకే పట్టికలో పెట్టి పోల్చకూడదు. రెండవది, అమ్మోనియం లవణంతో అయాన్ మార్పిడి చేసి, వేడితో అమ్మోనియాను వెళ్లగొట్టి, హైడ్రోజన్ రూపానికి తేవడం; అప్పుడు నైట్రోజన్‌కు కూడా దారి తెరుచుకుంటుంది.

లక్షణం: ఒకే నమూనా, కొలిచిన ప్రతిసారీ వేరే విలువ

దీనికి దాదాపు ఎప్పుడూ డీగ్యాసింగే (కొలతకు ముందు నమూనాలోని నీటిని, వాయువులను వేడితో, శూన్యంతో తొలగించడమే) కారణం. జియోలైట్‌లోని నీరు పూర్తిగా పోవాలంటే శూన్యంలో 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచాలి, వేడిని మాత్రం నెమ్మదిగా పెంచాలి. తొందరపడితే లోపలి నీరు ఆవిరై, ఆ ఆవిరే చట్రంలోని అల్యూమినియాన్ని పీకేస్తుంది. హైడ్రోజన్ రూపంలో ఉన్న నమూనాలకు ఈ ప్రమాదం ఎక్కువ. మాంట్‌మోరిల్లోనైట్ అనే పొరల బంకమట్టికి 110 నుంచి 150 డిగ్రీలు సాధారణంగా చాలు. సెపియోలైట్ అనే మెగ్నీషియం బంకమట్టి విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. కాలువల్లోని వదులు నీరు తక్కువ వేడికే పోతుంది గానీ, మెగ్నీషియానికి కట్టుబడిన నీరు కూడా పోయేంతగా సుమారు 300 డిగ్రీల దాకా వేడిచేస్తే చట్రమే మడతపడి, సూక్ష్మరంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు ఎంత ఎక్కువ శుభ్రం చేస్తే అంత తక్కువ వైశాల్యం వస్తుంది.

సరిచూసుకునే పద్ధతి సులువే: డీగ్యాసింగ్ ముగిసిందనుకున్నాక పంపు కవాటం మూసి, పీడనం పెరుగుతుందేమో కొన్ని నిమిషాలు గమనించాలి. నమూనా బరువును డీగ్యాసింగ్ తర్వాతే లెక్కలోకి తీసుకోవాలి. క్లినోప్టిలోలైట్ బరువులో పది శాతానికి పైగా నీరే ఉండవచ్చు కాబట్టి, తడి బరువుతో భాగిస్తే తప్పు నేరుగా ఫలితంలోకి వస్తుంది.

లక్షణం: బీఈటీ లెక్కలో సీ విలువ రుణాత్మకంగా వస్తోంది

అధిశోషణం నుంచి ఉపరితల వైశాల్యం లెక్కగట్టడానికి బ్రూనవర్, ఎమ్మెట్, టెల్లర్ 1938లో ఇచ్చిన బీఈటీ సమీకరణానికి వాడుకలో ఉన్న 0.05 నుంచి 0.30 వరకు సాపేక్ష పీడన పరిధి సూక్ష్మరంధ్ర పదార్థాలకు పనికిరాదు, ఎందుకంటే ఆ పరిధి మొదలయ్యేసరికే రంధ్రాలు నిండిపోయి ఉంటాయి. అధిశోషణ పరిమాణాన్ని (1 − సాపేక్ష పీడనం)తో గుణించిన రాశి పెరుగుతూ పోయినంత మేరకే బిందువులను ఎంచుకోవాలి. వాయువును ఉపరితలం ఎంత బలంగా పట్టుకుంటుందో సూచించే సీ ధనాత్మకంగా ఉండాలి. అలా సరిదిద్దాక వచ్చే విలువను కూడా జియోలైట్‌కు అసలు ఉపరితల వైశాల్యం అనకుండా, పోల్చడానికి పనికొచ్చే సూచికగా చెప్పడమే నిజాయితీ. సూక్ష్మరంధ్రాల ఘనపరిమాణాన్ని టీ-ప్లాట్ అనే రేఖాపద్ధతితో విడిగా ఇస్తే పాఠకుడికి మరింత ఉపయోగం. నైట్రోజన్ అణువుకున్న క్వాడ్రుపోల్ లక్షణం (అణువులో ఆవేశం అసమానంగా పరుచుకుని ఉండటం) కేటయాన్లతో, హైడ్రాక్సిల్ సమూహాలతో చర్య జరుపుతుంది కాబట్టి, సాధ్యమైన చోట 87 కెల్విన్ దగ్గర ఆర్గాన్ వాడటం మేలు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపీఏసీ 2015 నివేదిక కూడా అదే సూచించింది.

లక్షణం: మాంట్‌మోరిల్లోనైట్‌కు గ్రాముకు 750 చదరపు మీటర్లు రావలసిన చోట 30 వచ్చింది

ఇది లోపం కాదు. ఎండిన మాంట్‌మోరిల్లోనైట్‌లో పొరలు దగ్గరగా కూర్చుంటాయి, పొరల దూరం సుమారు 0.96 నుంచి 1.0 నానోమీటర్లకు తగ్గుతుంది, నైట్రోజన్ వాటి మధ్యకు పోలేదు. వయోమింగ్ నుంచి వచ్చిన సోడియం రకం ప్రమాణ నమూనాకు గ్రాముకు సుమారు 32 చదరపు మీటర్లు, టెక్సస్ కాల్షియం రకానికి సుమారు 84 అన్నవే గుర్తింపు పొందిన నైట్రోజన్ విలువలు. ఏడెనిమిది వందల చదరపు మీటర్ల విలువ కావాలంటే పొరల మధ్యకు చొరబడే ఇథిలీన్ గ్లైకాల్ మోనోఇథైల్ ఈథర్ వంటి ధ్రువ ద్రవంతో కొలవాలి. పొరల మధ్య స్థలాన్ని వాయువుకే తెరవాలనుకుంటే అల్యూమినియం పాలీకేటయాన్లతో స్తంభాలు నిలబెట్టాలి. అది కుదిరిందో లేదో వివర్తన రేఖే చెబుతుంది. వేడిచేశాక కూడా దూరం 1.7 నుంచి 1.8 నానోమీటర్ల దగ్గర నిలిచితే స్తంభాలు నిలిచినట్టు, 1.0కు పడిపోతే కూలినట్టు.

లక్షణం: రంధ్ర పరిమాణ పటంలో 3.8 నానోమీటర్ల దగ్గర పదునైన శిఖరం

బంకమట్టి ఏదైనా, శుద్ధి ఏదైనా శిఖరం అక్కడే కనబడుతుంటే దాన్ని నమ్మకూడదు. 77 కెల్విన్ దగ్గర ద్రవ నైట్రోజన్ సాపేక్ష పీడనం 0.42 సమీపానికి దిగినప్పుడు ఇక నిలకడగా ఉండలేక ఒక్కసారిగా రంధ్రాల నుంచి ఖాళీ అవుతుంది, హిస్టరిసిస్ వలయం (అధిశోషణ, విశోషణ రేఖల మధ్య ఖాళీ) అక్కడ మూసుకుంటుంది. విశోషణ శాఖ (వాయువు బయటికి వచ్చేటప్పటి రేఖ) నుంచి బీజేహెచ్ అనే రంధ్ర పరిమాణ లెక్క కడితే ఆ పతనమే రంధ్రంలా కనిపిస్తుంది. అధిశోషణ శాఖతో లెక్క కట్టి చూడండి; శిఖరం మాయమైతే అది పద్ధతి తెచ్చిన భ్రమే.

లక్షణం: ఆమ్ల శుద్ధి తర్వాత వైశాల్యం పెరగాల్సింది పోయి తగ్గింది

ముందుగా కాల్సైట్ (కాల్షియం కార్బోనేట్) ఉందేమో చూడాలి. నమూనాలో అది ఉంటే ఆమ్లం దానితోనే ఖర్చయిపోతుంది. లేకపోతే శుద్ధి హద్దు దాటి ఉంటుంది: మొదట్లో ఆమ్లం ఆక్టాహెడ్రల్ పొరలోని (బంకమట్టి పలకలో లోహ అయాన్లుండే మధ్య పొరలోని) అల్యూమినియం, మెగ్నీషియం, ఇనుమును కరిగించి రంధ్రాలు తెరుస్తుంది, ఆ తర్వాత పొరల నిర్మాణమే చెదిరి రూపరహిత సిలికా మిగిలి, రంధ్రాలు కలిసిపోయి పెద్దవవుతాయి. వివర్తన రేఖలో పొరల దూరాన్ని చూపే 001 శిఖరం వెడల్పై కుంగిపోవడం దానికి గుర్తు. ఆమ్ల గాఢతను తగ్గించి, వేర్వేరు సమయాల దగ్గర నమూనా తీసి, వైశాల్యాన్నీ శిఖరాన్నీ పక్కపక్కన పెట్టి ఆపాల్సిన చోటు నిర్ణయించాలి. కడిగిన నీటిలో క్లోరైడు మిగలకుండా చూడటం కూడా ఇందులో భాగమే.

లక్షణం: అల్ప పీడనంలో కూడా అధిశోషణ, విశోషణ శాఖలు కలవడం లేదు

సమతాస్థితి రాకముందే పరికరం తర్వాతి బిందువుకు వెళ్లడం, గాలి లీకవడం, పొరలు ఉబ్బడం దీనికి కారణాలు కావచ్చు; వాటిలో మొదటి రెండింటినీ ఈ వరుసలోనే పరీక్షించాలి. సమతాస్థితి వ్యవధిని పెంచితే ఖాళీ తగ్గితే మొదటిదే కారణం. మారకపోతే ఖాళీ గొట్టంతో అదే ప్రయోగం నడిపి చూడాలి. అందులోనూ రేఖ పైకి పాకుతుంటే గాలి చొరబడకుండా బిగించే సీళ్లను మార్చాలి. గొట్టం శుభ్రంగా ఉన్నట్టు తేలితే, హీలియంతో ఖాళీ స్థలం కొలిచాక అది సన్నని రంధ్రాలలో చిక్కుకుని ఉండవచ్చు గనుక, నమూనాను మళ్లీ డీగ్యాస్ చేసి, ఈసారి హీలియం కొలతను ఐసోథర్మ్ పూర్తయ్యాక తీసుకోవాలి.