ట్యూషన్ సార్‌కి ముందు పాత ఆన్సర్ షీట్లు ఇవ్వండి

పదో తరగతి పిల్లలకి హోమ్ ట్యూషన్ పెట్టిస్తున్నారా? మొదటి రోజే టెక్స్ట్ బుక్ తీయించకండి, స్కూల్లో దిద్ది ఇచ్చిన పాత లెక్కల పేపర్లు రెండు మూడు సార్ ముందు పెట్టి, పోయిన ప్రతి మార్కూ ఎందుకు పోయిందో పిల్లాడితోనే పక్కన రాయించమనండి: తెలియక పోయిందా, తెలిసీ కూడికలో తప్పిందా, టైమ్ చాలక వదిలేశాడా. మా వాడికి త్రికోణమితి రాదనే అనుకున్నాం, తీరా చూస్తే వాడి గొడవంతా మైనస్ గుర్తుల దగ్గరే! టైమ్ చాలని పిల్లలకి మళ్లీ పాఠం చెప్పించడం దండగ, గడియారం పెట్టి పేపర్ రాయించాలి. 35 దాటితే చాలనుకునే పిల్లాడికైతే వచ్చిన చాప్టర్లే ముందు గట్టి చేయించండి. అన్నట్టు, ఆ పేపర్లు పాత సామాన్లవాడికి వేసేయకండి.