బ్లెండర్ నేర్చుకుందాం – 6: ట్రక్కు నిండా కొబ్బరికాయలు

పోయిన భాగంలో బ్లెండర్ అనే 3D సాఫ్ట్‌వేర్‌లో మన తోట నేల మీద ఎండుటాకులు చల్లాం. ఈసారి లోపల నింపే పని. అంబాజీపేట మార్కెట్టుకు వెళ్ళే ట్రాక్టర్ ట్రక్కు, దాన్నిండా ఒలిచిన కాయలు. పైవరస పేర్చి కింద డొల్లగా వదిలేస్తే ఒక్క ఫ్రేముకు చెల్లిపోతుంది. వెనక తలుపు తీసి కాయలు దొర్లించే షాట్ అడిగితే మాత్రం దొరికిపోతాం.

ముందు ట్రక్కు లోపలి ఖాళీని విడిగా ఒక పెట్టెలా మోడల్ చేయండి. అది అన్ని వైపులా మూసి ఉండాలి, లేకపోతే లోపలేదో బయటేదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. స్కేల్ అప్లై చేయడం (సాగదీసిన కొలతలను ఖాయం చేయడం) మరవకండి. కాయ అడ్డకొలత 12 సెంటీమీటర్లు అనుకుందాం. సాఫ్ట్‌వేర్ పెట్టెలో పాయింట్లు చల్లి ఒక్కోదాని మీద ఒక్కో కాయ పెడుతుంది, పాయింట్ పడేది కాయ నడిమధ్యన. అందుకే పెట్టెను ప్రతి గోడకూ 6 సెంటీమీటర్లు లోపలికి తగ్గించండి. లేదంటే కాయలు చెక్కల్లోంచి బయటికి పొడుచుకొస్తాయి.

జియోమెట్రీ నోడ్స్‌లో (ఒక్కో పని చేసే నోడ్‌లను వరసగా కలిపే చోట) వరస ఇది: మెష్ టు వాల్యూమ్ (పెట్టెను లోపల నిండిన ఘనంగా మార్చేది), డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఇన్ వాల్యూమ్ (దాన్నిండా పాయింట్లు చల్లేది), ఇన్‌స్టాన్స్ ఆన్ పాయింట్స్ (పాయింటుకో కాయ పెట్టేది). రెండోది బ్లెండర్ 3.4 వెర్షన్‌తో వచ్చింది, అంతకు ముందు వాటిలో ఉండదు. అంచుల్లో కాయలు పలచబడితే మొదటి నోడ్‌లో ఇంటీరియర్ బ్యాండ్ విడ్త్ (గోడ నుంచి లోపలికి పలచగా ఉండే మేర) తగ్గించండి.

రెండో నోడ్‌ను రాండమ్ మోడ్‌లో పెట్టి డెన్సిటీ 600 ఇచ్చి చూడండి, అంటే ఘనపు మీటరుకు 600. చాలామంది ఇక్కడే రాండమ్ అంటే సమంగా పడటం అనుకుంటారు. కాదు. వెదజల్లిన చేను చూడండి, ఓ చోట గుబురు, ఇంకోచోట బోడి. లెక్క కట్టినా అంతే: 12 సెంటీమీటర్ల లోపు ఒక్కో కాయకు సగటున నాలుగు కాయలు ఉంటాయి, అన్నీ ఒకదాంట్లో ఒకటి దూరేవే. గ్రిడ్ మోడ్‌లో ఈ గొడవ లేదు గానీ, కాయలు కవాతులో నిలబడ్డట్టుంటాయి. ఏ కూలీ అలా పొయ్యడు.

సమంగా కనిపించాలంటే ఏ రెండు కాయల మధ్యా ఇంతకన్నా తక్కువ దూరం ఉండకూడదన్న నియమం కావాలి. ఆకులకు వాడిన పాయ్‌సాన్ డిస్క్ (Poisson Disk) పద్ధతి అదే. వాల్యూమ్ నోడ్‌లో ఆ మోడ్ ఎందుకు పెట్టలేదో వాళ్ళకే తెలియాలి. మనం దొడ్డిదారిన వెళ్దాం: డెన్సిటీని 3000కు పెంచి, దాని వెనక మెర్జ్ బై డిస్టెన్స్ (మరీ దగ్గరున్న పాయింట్లను ఒకటిగా కలిపే నోడ్) తగిలించి 0.12 మీటర్లు ఇవ్వండి. కలిసినవి సగటు చోటికి జరుగుతాయి కాబట్టి అక్కడక్కడా ఒకటో రెండో కాయలు రాసుకోవచ్చు, పట్టించుకోనక్కర్లేదు.

రొటేషన్‌కు మూడు అక్షాల్లోనూ 0 నుంచి 6.28 వరకు (రేడియన్లలో ఒక పూర్తి చుట్టు) రాండమ్ వాల్యూ కలపండి. పిలకలన్నీ ఒకే వైపు చూస్తుంటే మన మోసం ఇట్టే బయటపడుతుంది.

ఇప్పుడు దగ్గరగా చూస్తే కాయలు గాల్లో తేలుతున్నట్టుంటాయి. మీ తప్పేం కాదు. ఇలా దూరం పాటిస్తూ ఎంత చల్లినా గోళాలు 38 శాతం చోటు దాటి నింపలేవు. నిజంగా పోసి కుదిపితే 64 శాతం దాకా వెళ్తాయి. ఆ తేడాను పూడ్చేది గురుత్వాకర్షణే, అది వచ్చే భాగం. అప్పటికి పెట్టె ఎత్తును రెండింతలు చేసి, మేక్ ఇన్‌స్టాన్సెస్ రియల్ (కాయలను విడివిడి వస్తువులుగా మార్చేది) నొక్కి, ఫైలును వేరే పేరుతో సేవ్ చేసి ఉంచండి. ల్యాప్‌టాప్ పాతదైతే ముందు పావు ట్రక్కుతో మొదలుపెట్టండి.