పాత సైనిక రైఫిల్ కొనడం – 2వ పాఠం: కొట్టు బల్ల ముందు పావుగంట

కిందటి పాఠంలో కాగితాల పని చూశాం. అందులో ఒక్క ముక్క మళ్ళీ చెప్పాలి, అమెరికాలో ఉండే తెలుగువాళ్ళకు అది నేరుగా తగులుతుంది కాబట్టి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళకు మాత్రం, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే తుపాకీ కొనడమే కాదు, రేంజిలో అద్దెకు తీసుకుని చేతబట్టడం కూడా నేరమే. కొట్టులో తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో ఈ ప్రశ్న ఉంటుంది. రాష్ట్ర చట్టాలు దీనికి అదనం. కొన్న తుపాకీని ఎప్పుడైనా ఊరికి తీసుకెళ్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. .303, 7.62 రెండూ ఇండియాలో ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని కొలత) కిందికి వస్తాయి. మన పల్లెల్లో లైసెన్సు రైఫిల్ అంటే .315 అని వినబడేది అందుకే.

ఇక అసలు పని. ఈ పాఠమంతా బోల్ట్ చేత్తో లాగి తోసే రైఫిళ్ళ గురించే.

ముందు తూటా, తర్వాత రైఫిల్

కొట్టుకు వెళ్ళకముందే తూటా ఏదో తేల్చుకోండి. రైఫిల్ ఒకసారే కొంటారు, తూటాలు ప్రతి నెలా కొంటారు. .30-06, 7.62 నేటో ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. .303 బ్రిటిష్, 8 మి.మీ. మౌజర్, స్వీడన్ వాళ్ళ 6.5×55, స్విట్జర్లాండ్ వాళ్ళ 7.5×55 తూటాలను సెర్బియాలోని ప్రీవి పార్టిజాన్ కొత్తగా తయారుచేస్తోంది. పక్క కొట్టులో లేకపోయినా తెప్పించుకోవచ్చు. ఇటలీ 7.35 అలా కాదు. రైఫిల్ చవగ్గా వచ్చిందని కొంటే అది గోడకే అలంకారమవుతుంది.

రష్యా వాళ్ళ మోసిన్-నగాంత్ రైఫిల్ సంగతి విడిగా చెప్పుకోవాలి. దాని తూటా 7.62×54ఆర్. ఒకప్పుడు రేకు డబ్బాల్లో 440 చొప్పున కారుచౌకగా వచ్చేది, రైఫిల్ కూడా వంద డాలర్ల లోపే ఉండేది. ఆ రోజులు పోయాయి. 2021 సెప్టెంబరు నుంచి అమెరికా రష్యా తూటాల కొత్త దిగుమతి అనుమతులు ఆపేసింది. రైఫిల్ ధర కూడా పెరిగింది. పాత సలహాలు చదివి "మొదటిసారంటే మోసినే" అనుకోకండి. ఆ మాటకు చవకదనమొక్కటే ఆధారం, ఇప్పుడు అదీ లేదు.

వెంట తీసుకెళ్ళాల్సినవి

చిన్న టార్చి లేదా బోర్ లైటు. అది లేకపోతే తెల్ల కాగితం ముక్కను తెరిచిన బోల్ట్ దగ్గర పెట్టినా బ్యారెల్లోకి వెలుతురు పోతుంది. మందూ ప్రైమరూ లేని డమ్మీ తూటా ఒకటి. ఆ తూటా కొలతకు తగిన హెడ్‌స్పేస్ గేజ్‌లలో (తూటా వెనక మిగిలే సందును కొలిచే ఇనుప ముక్కలు, వాడే తీరు కింద చెబుతాను) కనీసం ఫీల్డ్ గేజ్. గుడ్డ పేలికలు, వాటిని తోయడానికి క్లీనింగ్ రాడ్. నిజం తూటా జేబులో పెట్టుకుని కొట్టులో అడుగు పెట్టకండి, చూపించడానికైనా సరే.

రైఫిల్ చేతికి రాగానే మూతిని ఎవరూ లేని వైపు తిప్పండి, బోల్ట్ తెరవండి, తూటా కూర్చునే ఛాంబర్‌నూ మ్యాగజైన్‌నూ కంటితో చూడండి, వేలితో తడమండి. అమ్మేవాడు ఇంతకుముందే చూశానన్నా మళ్ళీ చూడాలి. ఈ అలవాటుకు ఏ మంచి కొట్టువాడూ నొచ్చుకోడు.

చేతికి తీసుకోకముందే వదిలేయాల్సినవి

కొన్ని రైఫిళ్ళను ఎంత బాగున్నా పేల్చకూడదు. బ్రిటిష్, ఇండియన్ రైఫిళ్ళ మీద "డీపీ" అన్న ముద్ర ఉంటే అది డ్రిల్ పర్పస్. కవాతుకు తప్ప పనికిరాదని సైన్యమే తీసి పక్కన పెట్టిందన్నమాట. ఛాంబర్‌కు రంధ్రం వేసి ఉండొచ్చు, కర్ర మీద రంగు పట్టీ ఉండొచ్చు. రంగు గీకేసి అమ్మేవాళ్ళున్నారు కాబట్టి ముద్ర కోసం రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప ఒళ్ళు), బోల్ట్, బ్యారెల్, కర్ర నాలుగూ చూడండి. జపాన్ శిక్షణ రైఫిళ్ళలో కొన్నిటికి బ్యారెల్ లోపల బుల్లెట్‌ను తిప్పే మెలిక గాడులే ఉండవు, రిసీవర్ పోత ఇనుము. అమెరికా 1903 స్ప్రింగ్‌ఫీల్డ్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీవి 8,00,000 కంటే తక్కువ నంబరు, రాక్ ఐలాండ్‌వి 2,85,507 కంటే తక్కువ నంబరు ఉంటే వద్దు. ఆ కాలంలో ఉక్కును కంటి అంచనాతో కాల్చేవారు. ఎక్కువ కాలిన రిసీవర్ పెళుసెక్కుతుంది, పగిలితే ముక్కలవుతుంది. ఏది కాలిందో, ఏది కాలలేదో పైకి చూసి చెప్పే దారి లేదు.

మూతి

చూడటం మూతి నుంచి మొదలుపెట్టండి. బ్యారెల్ మధ్యలో ఎంత బాగున్నా, బుల్లెట్ ఆఖరున వదిలే అంచు అరిగితే గురి చెదురుతుంది. సిపాయిలు ఉక్కు రాడ్డును మూతి వైపు నుంచి దూర్చి దశాబ్దాల పాటు శుభ్రం చేశారు. ఆ రాడ్డు ఒరిపిడే చాలా బ్యారెళ్ళను తినేసింది. పేల్చినందువల్ల అరిగినవాటికంటే ఇలా పోయినవే ఎక్కువేమో అనిపిస్తుంది.

డమ్మీ తూటాను తలకిందులుగా, బుల్లెట్ మొన లోపలికి పోయేలా మూతిలో పెట్టండి. డొల్ల (బుల్లెట్‌ను పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) అంచుకూ మూతికీ మధ్య బుల్లెట్ 6 మి.మీ. దాకా బయట కనిపిస్తే మంచిది, 3 మి.మీ. ఉంటే ఫరవాలేదు. డొల్ల వెళ్ళి మూతికి ఆనుకుందంటే అది అరిగిపోయింది. ఇది మోటు పరీక్ష, డమ్మీలో బుల్లెట్ ఆకారాన్ని బట్టి కొంచెం తేడా వస్తుంది. ఒకే డమ్మీతో మూడు నాలుగు రైఫిళ్ళు వరుసగా చూస్తే పోలిక బాగా తెలుస్తుంది.

సోవియట్ కర్మాగారాల్లో బాగుచేసిన మోసిన్‌లలో ఈ పరీక్ష మోసం చేస్తుంది. అరిగిన మూతిని లోపలికి కొంత దూరం వెడల్పుగా తొలిచేసి, గాడులు బాగున్న చోటి నుంచి మొదలయ్యేలా చేశారు. దీన్ని కౌంటర్‌బోర్ అంటారు. తూటా పెడితే జారి లోపలికి పోతుంది. టార్చి వేస్తే మూతి దగ్గర నున్నటి గొట్టం, దాని వెనక గాడులు మొదలైన మెట్టు కనిపిస్తాయి. ఇది లోపం కాదు, మరమ్మతు. గురి బాగానే ఉండొచ్చు. ధర మాత్రం తగ్గించమని అడగొచ్చు.

బ్యారెల్ లోపల

చీకటిగా కనిపించే బ్యారెల్‌ను చూడగానే తిరస్కరించకండి. అనుమతి అడిగి, ఛాంబర్ వైపు నుంచి ఒక పేలిక తోయండి. బ్యారెల్ నిండా ఉన్నది గట్టిపడిన కాస్మోలిన్ జిడ్డు కావచ్చు, పాత మసి కావచ్చు. పేలిక తోశాక చూసేది మూడు. గాడుల మధ్య ఎత్తుగా ఉండే మిట్టల అంచులు పదునుగా ఉన్నాయా, గుండ్రబడ్డాయా. గాడుల్లో తుప్పు తిన్న గుంటలున్నాయా. ఎక్కడైనా ఉంగరంలా నల్లటి వలయం ఉందా.

మంచు పట్టిన అద్దంలా బూడిదరంగులో ఉండి మిట్టలు మాత్రం నిక్కచ్చిగా ఉన్న బ్యారెల్ బాగానే కొడుతుంది. రాగి మసి త్వరగా పడుతుంది, కడగడం ఎక్కువవుతుంది, అంతే. గుంటలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే బేరమాడొచ్చు. నల్లటి వలయం ఉంటే బేరం కూడా వద్దు. ఒకప్పుడు లోపల ఏదో అడ్డుపడి బ్యారెల్ ఉబ్బిన గుర్తు అది. బయట వేలితో రాస్తే ఒక్కోసారి ఆ ఉబ్బు చేతికి తగులుతుంది.

రెండే గాడులు కనిపిస్తే మిగతావి అరిగిపోయాయని కంగారు పడకండి. రెండో ప్రపంచ యుద్ధం హడావుడిలో బ్రిటిష్ .303 రైఫిల్ లీ-ఎన్‌ఫీల్డ్ నెం.4కీ, అమెరికా 1903ఏ3కీ రెండు గాడుల బ్యారెళ్ళు చేశారు. అవి చక్కగా కొడతాయి.

ఇన్ని గుంటలు ఎక్కడివి? పాత సైనిక తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలాక బ్యారెల్లో పొటాషియం క్లోరైడ్ మిగులుతుంది. అదొక ఉప్పు, వంటింటి ఉప్పుకు తోబుట్టువు. గాలిలో తడిని పీల్చుకుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె ఎంత పూసినా పోదు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. కాబట్టి వేణ్ణీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె పూయాలి. ఈ పని పద్ధతి నాలుగో పాఠంలో.

బోల్ట్, హెడ్‌స్పేస్

బోల్ట్ తీసి ముందు భాగం చూడండి. ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ వేడి గాలి తిన్న గుంటలు, లాకింగ్ లగ్గుల (బోల్ట్‌ను రిసీవర్లో బిగించే బొడిపెలు) మొదట్లో వెంట్రుకంత పగుళ్ళు ఉన్నాయేమో వెతకండి. మోసిన్‌కైతే దాని సొంత పనిముట్టుతోనే పిన్ పొడవు కొలవొచ్చు. 75 అంకె ఉన్న గాడి పిన్నుకు తగలాలి, 95 గాడి తగలకుండా దాటాలి. మరీ పొట్టిదైతే తూటా పేలదు. మరీ పొడవైతే ప్రైమర్‌కు చిల్లు పడి వేడి గాలి మీ ముఖం మీదికి వెనక్కు వస్తుంది.

మోసిన్ బోల్ట్ ఎత్తడానికి అరచేత్తో గుద్దాల్సి వస్తుందని నవ్వుకుంటారు. చాలాసార్లు తప్పు ఛాంబర్లో ఎండిన కాస్మోలిన్‌ది. 20 గేజ్ షాట్‌గన్ బ్రష్షును సాల్వెంట్‌లో ముంచి ఛాంబర్లో తిప్పితే వదులుతుంది. ఖాళీ బోల్ట్ కూడా బిగుసుకుంటేనే అసలు అనుమానం.

హెడ్‌స్పేస్ అంటే బోల్ట్ మూసినప్పుడు తూటా వెనుక భాగానికి దొరికే సందు. సందు ఎక్కువైతే డొల్ల వెనక్కు సాగి, మొదట్లో తెగిపోతుంది. గేజ్ పెట్టేముందు ఎక్స్‌ట్రాక్టర్ (డొల్లను బయటికి లాగే కొక్కెం) అడ్డురాకుండా చూసుకోండి. చూపుడువేలి ఒత్తిడితో మాత్రమే మూయండి. బలం పెడితే ఏ గేజ్ మీదైనా బోల్ట్ మూసుకుంటుంది. గో గేజ్ మీద మూసుకోవాలి. నో-గో మీద మూసుకుంటే అరుగుదల మొదలైందని అర్థం. ఫీల్డ్ మీద మూసుకుంటే ఆ రైఫిల్‌ను అక్కడే దించేయండి.

.303కి కనీస కొలత .064 అంగుళం, బ్రిటిష్ సైన్యం ఒప్పుకున్న గరిష్ఠం .074. నెం.4లో ఒక సౌకర్యం ఉంది. బోల్ట్ తల విడిగా ఊడుతుంది. 0, 1, 2, 3 అని అంకె వేసి ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ తల పొడవు పెరిగి సందు తగ్గుతుంది. ఇప్పటికే 3 అంకె తల ఉండి, అయినా గేజ్ తప్పితే ఇక సర్దడానికి చోటు లేనట్టే. పాత నెం.1 మార్క్ 3లో ఈ అంకెల వరస ఉండదు. నెం.4 మార్క్ 1* కొంటుంటే రిసీవర్ కుడి పక్క పట్టాలో బోల్ట్ తల బయటికి తీసే చిన్న కోత చూడండి. దాని అంచు పెచ్చు ఊడి ఉంటే, బోల్ట్ లాగినప్పుడల్లా తల అక్కడ పట్టా దాటి లేస్తుంది.

కర్ర, నంబర్లు

కర్ర మీద గీతలు, నొక్కులు ఫరవాలేదు. రిసీవర్ వెనక తోక దగ్గర పగులు ఫరవాలేదనకండి. వెనక్కి తన్నే దెబ్బ అక్కడే పడుతుంది. కర్ర-ఇనుము కలిసే గీత వెంట టార్చి వేసి తుప్పు చూడండి. కింద దాగిన తుప్పు ఆ గీత దగ్గర కొంచెమైనా బయటపడుతుంది. ఎవరో సాండ్‌పేపర్ పట్టి మెరిపించిన కర్ర అయితే పాత ముద్రలన్నీ పోయి ఉంటాయి, సేకరించేవాళ్ళ దగ్గర విలువ పడిపోతుంది. మీరూ ఆ పని చేయకండి.

నంబర్లలో పేల్చడానికి ముఖ్యమైనవి రెండే, రిసీవర్‌దీ బోల్ట్‌దీ. కలవకపోతే గేజ్ తప్పనిసరి. మిగతా నంబర్లు ధర కోసం. సోవియట్ కర్మాగారాల్లో పాత నంబరు కొట్టేసి, రిసీవర్ నంబరును బోల్ట్ మీద మళ్ళీ వేశారు. "అన్నీ మ్యాచింగ్" అన్న మాటకు ఎక్కువ డబ్బు అడిగితే, అంకెల అచ్చు ఒకేలా ఉందో లేదో చూడండి.

మరి ఏది?

మొదటి రైఫిల్‌కు మా ఓటు మూడింటికి. లీ-ఎన్‌ఫీల్డ్ నెం.4 ఒకటి. యుగోస్లావియా ఎం48 మౌజర్ రెండోది. యుద్ధం తర్వాత క్రాగుయెవాత్స్‌లో చేసినది కాబట్టి, పెద్దగా వాడకుండా గోదాముల్లో నిలవ ఉన్నవి దొరుకుతాయి. అయితే దాని యాక్షన్ (బోల్ట్, రిసీవర్ కలిసిన భాగం) జర్మన్ మౌజర్ కె98కె కంటే పొట్టి, ఆ బోల్ట్ దీనికి పట్టదు. మూడోది స్విస్ కె31. బోల్ట్ తిప్పనక్కర్లేదు, నేరుగా లాగి తోస్తే చాలు. గురి విషయంలో ఈ ధరలో దానికి పోటీ తక్కువ.

మన ఆసక్తికి తగినది ఇంకొకటుంది. కోల్‌కతా దగ్గరి ఇషాపూర్ కర్మాగారం 1960లలో మొదలుపెట్టిన 2ఏ1. పాత .303ని తొలిచి 7.62 చేశారని కొందరు చెబుతారు, నిజం కాదు. అదే రూపంలో మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినది. 12 తూటాల చదరపు మ్యాగజైన్ చూసి గుర్తుపట్టొచ్చు. దాన్ని 7.62 నేటో తూటాకు చేశారు, కాబట్టి అదే వాడండి. బజారులో దొరికే ఎక్కువ ఒత్తిడి .308 వేట తూటాలు వద్దు. కర్ర ముందు భాగంలో అడ్డంగా దూర్చిన స్క్రూ కనిపిస్తే అది పగులుకు అతుకు అనుకోకండి. కర్ర చీలకుండా ఇషాపూర్‌లో ముందే బిగించిన స్క్రూ అది.

స్నైపర్ రైఫిల్ అంటూ స్కోపుతో వచ్చిన మోసిన్‌ల జోలికి మొదటిసారి పోకండి. అసలుకంటే తర్వాత తయారైనవే ఎక్కువగా తిరుగుతున్నాయి. తేడా పట్టడానికి వేరే చదువు కావాలి.

ఈ వారం పని: కొనకుండా, కనీసం ఐదు రైఫిళ్ళు చూసి రండి. ఒక్కోదానికీ ఒక కాగితం పెట్టి మూతి దగ్గర ఎన్ని మి.మీ. మిగిలిందో, బ్యారెల్ ఎలా ఉందో, ఫీల్డ్ గేజ్ ఆగిందో లేదో, బోల్ట్ నంబరు కలిసిందో లేదో, చివరన అడిగిన ధర రాయండి. ఆ ఐదు కాగితాలతో మూడో పాఠంలో బేరం మొదలుపెడదాం.