ఆరుంబావు బస్సు, రెండు సద్ది డబ్బాలు

నేను పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతాను. కంపెనీ బస్సు జడ్చర్లలో మా సందు మొదట్లోకి పొద్దుగాల ఆరుంబావుకు వస్తుంది. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు జీతం పోయినట్టే. మా ఆయన ఆటో నడుపుతాడు. బిడ్డ సర్కారు హైస్కూల్‌లో ఏడో తరగతి, కొడుకు ప్రైవేటు బడిలో మూడో తరగతి. జూన్‌లో బడి తెరిచిన రోజే కొడుకు డైరీలో ఒక చీటీ వచ్చింది. నిరుడు నెలకు 900 తీసుకున్న మధ్యాహ్నం భోజనానికి ఈ ఏడాది 1300 కట్టాలట. నెలకు 24 బడి దినాలనుకుంటే పూటకు 54 రూపాయలు. అన్నం, సాంబారు, ఒక వేపుడు. మేం కట్టలేమని చెప్పి డబ్బా మొదలుపెట్టాం.

మొదటి నెల డబ్బా మాకు ఏమీ మిగల్చలేదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. అందుకే మీకు నేను చెప్పే మొదటి పని వంట కాదు, ఒక నోటుబుక్కు. నెలరోజులు పిల్లల మధ్యాహ్నం తిండికి ఎంత పెట్టారో రాయండి. చేతికిచ్చిన చిల్లరతో సహా రాయండి. నేను జూలై అంతా రాశాను. పదకొండు రోజులు డబ్బా కట్టలేకపోయాను. రాత్రి ఓవర్‌టైం అయ్యి లేవలేకనో, గ్యాస్ అయిపోయో, కూరగాయ లేకనో. ఆ పదకొండు రోజులూ కొడుకుకు 30, బిడ్డకు 20 చేతిలో పెట్టాను. అంటే 550. మిగిలిన 13 రోజులు ఇద్దరికీ డబ్బా కట్టడానికి పప్పు, నూనె, కూరగాయ అన్నీ కలిపి 450 కూడా కాలేదు. కట్టని రోజుల ఖర్చు కట్టిన రోజుల ఖర్చును మించింది! పైగా ఆ 30 రూపాయలకు వాడు కొన్నవి చిప్స్ ప్యాకెట్లు, రంగు నీళ్లు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న తిండిని బడికి 50 మీటర్ల లోపల అమ్మొద్దని 2020లోనే ఆహార భద్రత సంస్థ నియమం పెట్టింది. మన పిల్లలకు మాత్రం గేటు దాటగానే అవే కనిపిస్తాయి.

అంటే మా డబ్బు పోతున్నది పప్పు ధర దగ్గర కాదు, పొద్దుగాల ఐదున్నరకు చేతులు ఆడని దగ్గర. ఇక్కడ చెప్పేవన్నీ ఆ అరగంటను తేలిక చేసుకునే పనులే.

ముందు కొలత. ఎంత పెట్టాలో తెలియక ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ పెట్టేదాన్ని. సర్కారు బడుల మధ్యాహ్న భోజనానికి ఒక లెక్క ఉంది, అదే పట్టుకున్నాను. ఐదో తరగతి దాకా ఒక పిల్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయ, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75, ఏడున్నర. మా ఇంట్లో తూకం లేదు. మా చిన్న స్టీలు గ్లాసు తీసుకొని కిరాణా కొట్టుకు పోయి, అన్నను అడిగి 100 గ్రాముల బియ్యం తూయించి అందులో పోయించాను. ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ మొలతో గీత గీసుకున్నాను. పప్పుకు చిన్న గరిటె: తల కొట్టి తీస్తే 20 గ్రాములు. ఇప్పుడు నేను లేని రోజు మా ఆయన కూడా ఆ గీత చూసి బియ్యం పోస్తాడు.

బియ్యం మాకు కొనే పని లేదు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టినప్పటి నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురికి 24 కిలోలు. అయితే ఒక మాట. ఆ బియ్యం కొత్తవైతే అన్నం ముద్దవుతుంది. కుక్కర్‌లో గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు అలవాటున్నవాళ్లు గ్లాసున్నరతో చూడండి. ముద్దగా వచ్చిన రోజు పులిహోర చేయకండి, పెరుగన్నం చేయండి.

ఆదివారం నాకు సెలవు. ఆ రోజు గంటన్నర పొయ్యి దగ్గర నిలబడితే వారం గడుస్తుంది. రెండే పనులు చేస్తాను.

ఒకటి పల్లీల పొడి. పాలమూరులో పుట్టిన మనకు పల్లీలు వేరే చెప్పాలా! అరకిలో పల్లీలు సన్నని మంట మీద వేయించాలి. పెద్ద మంట పెడితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి, ఆ పొడి వారానికే వాసన వస్తుంది. ఒక పల్లీ తీసి వేళ్లతో నలిపితే పొట్టు ఊడి, గింజ లోపల లేత గోధుమ రంగు కనబడాలి. అప్పుడు దించి, చాటలో పోసి చల్లారాక చెరగాలి. అదే మూకుడులో పన్నెండు ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర వేయించి, ఒక ఎల్లిగడ్డ రెబ్బలు, ఉప్పు కలిపి రోట్లోనో మిక్సీలోనో దంచండి. మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, ఒకటే పట్టు పడితే నూనె ఊరి ముద్దవుతుంది. తడి లేని సీసాలో మూడు వారాలు ఉంటుంది. మా కొట్టులో పల్లీలు కిలో 140. మిరపకాయలు, ఎల్లిగడ్డ కలిపితే అరకిలో పొడికి 85 అవుతుంది, పూటకు 20 గ్రాములు వేస్తే మూడు రూపాయల చిల్లర. గుడ్డులో ఆరు గ్రాముల మాంసకృత్తులుంటే ఆ పొడిలో ఐదు ఉంటాయి. కూర లేని రోజు వేడన్నంలో పొడి, చెంచా నూనె కలిపితే డబ్బా అయిపోయినట్టే.

రెండు, చింతపండు పులుసు చిక్కగా ఉడికించి పోపు పెట్టి సీసాకెత్తడం. పులిహోర అందరికీ వచ్చిందే, చెప్పను. పల్లీలు మాత్రం అందులో ముందే వేయకండి, మెత్తబడతాయి.

ఇక రోజూ రాత్రి పది నిమిషాలు. పడుకునే ముందు బొబ్బెర్లో, శనగలో, అనుములో రెండు పిడికిళ్లు నానబెట్టాలి. పొద్దుగాల పప్పు కుక్కర్‌లోనే పైగిన్నెలో ఉడికిపోతాయి. ఉప్పు, ఉల్లిగడ్డ, కరివేపాకు పోపు వేస్తే గుడాలు. కిలో బొబ్బెర్లు 100 అయితే 40 గ్రాములకు నాలుగు రూపాయలు, మాంసకృత్తులు తొమ్మిది గ్రాములు. చిప్స్ ప్యాకెట్ బదులు చిన్న డబ్బాలో ఇదే. ఆకుకూర రాత్రే ఏరి బట్టలో చుట్టి పెడతాను. గుడ్లు, పప్పు, అన్నం ఒకేసారి ఎక్కిస్తే పొయ్యి దగ్గర నా పని ఇరవై ఐదు నిమిషాలు.

ఇంత చేసినా మొదట్లో మా వాడి డబ్బా సగం తిరిగొచ్చేది. తిట్టాను, ఒకరోజు కొట్టాను కూడా. అది నా తప్పు. ఒక సాయంత్రం డబ్బా తెరిచి చూస్తే మూత లోపల నీటి బొట్లు, అన్నం మీద నీరు కారి పప్పు పులిసిన వాసన. వేడివేడిగా మూత బిగించడమే కారణం. ఇప్పుడు పళ్లెంలో ఆరబోసి, ఆవిరి పోయాకే కడతాను. ఇంకో సంగతి వాడే చెప్పాడు: "చెయ్యి కడుక్కొని వచ్చేసరికే బెల్ కొడతరమ్మా." పిల్లలకు కూర్చొని తినడానికి దొరికేది పదిహేను నిమిషాలు. అన్నం ఒక దాంట్లో, కూర ఒక దాంట్లో పెడితే కలుపుకునే లోపు టైం అయిపోతుంది. కలిపే పెట్టండి. గుడ్డు కోయకుండా నిండుగా పెట్టండి. పెరుగన్నం కోసం అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి ఉప్పు కలపకుండా కట్టండి. ఒంటిగంటకు చక్కగా తోడుకుంటుంది, పులవదు. ఉప్పు చిటికెడు కాగితంలో ఇస్తాను. తిరిగొచ్చిన సగం డబ్బా కంటే ఖరీదైన తిండి లేదు. ఆ సాయంత్రం వాడు ఆకలితో ఇంకో పది రూపాయలు అడుగుతాడు.

ఇప్పుడు వాడి డబ్బా లెక్క: పప్పు మూడు రూపాయల పావలా, ఆకుకూర రెండున్నర, నూనె పోపు మూడు, గుడ్డు ఏడు, గ్యాస్ రెండు. 18 రూపాయల లోపే. 54 ఎక్కడ, 18 ఎక్కడ!

బిడ్డ సంగతి వేరు. దానికి బడిలోనే అన్నం పెడతారు, కానీ తినేది కాదు. "అక్కడ తినేటోళ్లను వేరేగా చూస్తరమ్మా" అంది. నాకు గుండె కలుక్కుమంది. ఆ అన్నం ఎవరో దయతలచి పెట్టేది కాదు. వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రత చట్టంలో అది ఎనిమిదో తరగతి దాకా పిల్లల హక్కు. మన రాష్ట్రంలో తొమ్మిది, పదికి కూడా పెడుతున్నారు. ఇదంతా బిడ్డకు చెప్పాను. కానీ మాటలతో ఒప్పుకోలేదు.

ఒక రోజు పనికి సెలవు పెట్టి, పెద్దసారును అడిగి పన్నెండున్నరకు బడికి పోయాను. వరండాలో పిల్లల పక్కన కూర్చొని తిన్నాను. అన్నం మంచిగుంది, గుడ్డుంది, పప్పు మాత్రం పలుచగా ఉంది. వండే అక్కను పక్కకు పిలిచి అడిగితే ఆమె వేళ్ల మీద లెక్క చెప్పింది. బియ్యం సర్కారువి, గుడ్డు లెక్క వేరు. మిగతా అన్నిటికీ 2025 మే నుంచి ఏడో తరగతి పిల్లకు 10 రూపాయల 17 పైసలు, చిన్న పిల్లలకైతే 6.78. అందులో 30 గ్రాముల కందిపప్పు నాలుగు రూపాయలు, కూరగాయ మూడు, నూనె రూపాయి పైన. మిగిలిన రెండు రూపాయల్లోనే చింతపండు, పోపు, మంట. "టమాట ఎనభై అయిన్నాడు నేనేం పొయ్యాలక్కా? నీళ్లే పోస్త. బిల్లు ఆలస్యమైతే కొట్టుల ఉద్దెర తెస్త" అంది. ఆమె పిల్లలూ ఆ బడిలోనే చదువుతున్నారు. ఆమె మీద కోపం పోయింది నాకు.

మీరూ పొండి. తినడానికి ముందు ఒక టీచరన్నా రుచి చూడాలని 2015 మధ్యాహ్న భోజన నియమాల్లో ఉంది, చూస్తున్నారా అని అడగండి. బియ్యమో, వండే మనిషో లేక భోజనం పెట్టని రోజుకు పిల్లలకు ఆహార భత్యం ఇవ్వాలని కూడా ఉంది. గట్టిగా కాదు, మంచిగా అడగండి. మేం నలుగురు తల్లులం పెరట్లో కాసిన ఆనిగెపుకాయలు, మునగాకు అప్పుడప్పుడు ఆ అక్కకు పంపుతున్నాం. బిడ్డ ఇప్పుడు బడిలోనే తింటోంది. చిన్న డబ్బాలో పల్లీల పొడి, గుడాలు తీసుకుపోతుంది, పక్కవాళ్లకు కూడా పంచుతుంది. ఆమెకు నాకయ్యే ఖర్చు రోజుకు ఏడు రూపాయలు.

కొనుగోలు గురించి ఎక్కువ చెప్పేది లేదు. యాసంగి పల్లీ బాదేపల్లి మార్కెట్‌కు వచ్చే రోజుల్లో తెలిసిన రైతు దగ్గర కాయలే కొని ఎండబెట్టుకుంటే కిరాణా కంటే చౌక. ఉల్లిగడ్డలు దేవరకద్ర వైపు పోయేవాళ్లుంటే నలుగురు కలిసి ఒక బస్తా తెప్పించుకోండి. కూరగాయలు అంగడి ముగిసే వేళకు కొనండి, ఆకుకూర మాత్రం పొద్దుగాలే.

ప్రైవేటు బడిలో భోజనం మాన్పించడం కుదరని వాళ్లు ఫీజు కట్టే ముందు మూడు సంగతులు అడిగి చూడండి. పిల్ల బడికి రాని రోజుల డబ్బు తగ్గిస్తారా, దసరా సెలవుల నెలకు సగమే తీసుకుంటారా, అన్నం ఇంటి నుంచి తెచ్చుకుంటే పప్పు, కూర వరకే కట్టొచ్చా. ఒక్కరు అడిగితే పట్టించుకోరు. మేం పదిమందిమి ఒక కాగితం మీద సంతకాలు పెట్టి ఇచ్చాక మొదటిదానికి ఒప్పుకున్నారు. నా కొడుకు అక్కడ తినకపోయినా నేనూ సంతకం పెట్టాను.

మార్చి నడుమ నుంచి ఒంటిపూట బడులు. అప్పుడు ఈ లెక్కంతా మారుతుంది. ఎండకు పప్పన్నం నిలవదు, పాలు పోసిన అన్నం అసలే వద్దు. చిన్నోడికి డబ్బాలో సర్వపిండి ముక్కలో, జొన్నరొట్టెలో పల్లీల పొడి చుట్టో ఇస్తాను. సీసాలో పలుచని అంబలి, మజ్జిగ కలపకుండా, ఉప్పు వేసి. మజ్జిగ ఇంటికొచ్చాక. బిడ్డకు బడిలో అన్నం పెట్టే ఇంటికి పంపుతారు, దాన్ని వదులుకొని ఎండలో ఖాళీ కడుపుతో రావద్దని ఇప్పటి నుంచే చెబుతున్నాను.