గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉందా?

బ్రేకు ఆయిల్‌లో చేరిన గాలిని మూడుసార్లు తీశాను. లీటరున్నర కొత్త బ్రేక్ ఆయిల్ పాత డబ్బా పాలైంది. అయినా పెడల్ తొక్కితే తడి స్పాంజి మీద కాలు వేసినట్టే ఉంది. నా పాత కారుకు ముందు చక్రాల బ్రేకులు మార్చిన వారం అది. అదే మోడల్‌లో పెద్ద ఇంజను రకానికి వచ్చే క్యాలిపర్లు (ప్యాడ్‌లను డిస్కుకు నొక్కే భాగాలు), పెద్ద డిస్కులు, కొత్త ప్యాడ్‌లు వేశాను. బిగించడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది, పెడల్ దారికి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అన్ని రోజులూ కారు గేటు దాటలేదు. మీదీ దాటకూడదు.

‘మెత్తగా ఉంది’ అనేది మూడు వేర్వేరు జబ్బులకు ఉన్న ఒకే పేరు. నేను అది గుర్తించకుండా అన్నిటికీ గాలి తీయడమే మందు అనుకున్నాను. ముందు ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లో (కాలి బలాన్ని పెంచే భాగంలో) మిగిలిన వాక్యూమ్‌ను ఖాళీ చేయండి. తర్వాత నెమ్మదిగా నొక్కి చూడండి. స్ప్రింగులా సాగుతూ లోపలికి పోయి, వెంటవెంటనే తొక్కితే పైకి లేచి గట్టిపడుతుంటే లోపల గాలి ఉన్నట్టు, లేదా ప్యాడ్‌లకూ డిస్కుకూ, లేదా డ్రమ్ము బ్రేకుల్లో షూలకూ డ్రమ్ముకూ మధ్య ఎడం ఎక్కువైనట్టు. ఒకే బలంతో నొక్కి పట్టుకున్నా మెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, కారడం కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టేది) లోపలి సీలును అనుమానించాలి. కాస్త ఎక్కువ దిగినా అక్కడ రాయిలా ఆగిపోతే అది మూడోది, దాని సంగతి తర్వాత. అన్నట్టు, కాలు పెడల్ మీదే ఉంచి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు అది కొద్దిగా కిందికి దిగడం రోగం కాదు, బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

నాది మొదటి రకం. నాలుగోసారి గాలి తీయబోతూ టార్చి వేసి చూస్తే, గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ క్యాలిపర్‌కు అడుగున కనిపించింది. కుడి క్యాలిపర్‌ను ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ బిగించాను! బోల్టులు చక్కగా పట్టాయి, హోస్ పైపు అందింది, అనుమానం రావడానికి ఏమీ లేదు. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది. నిపుల్ కింద ఉంటే బయటికి వచ్చేది ఒట్టి ఆయిలే, గాలి మాత్రం పిస్టన్ వెనక పైభాగంలో కదలకుండా కూర్చుంటుంది. బుడగ ఒక్కటీ లేని ఆయిల్ చూసి నేను మూడుసార్లు మోసపోయింది అందుకే. రెండిటినీ అటూ ఇటూ మార్చి, నిపుల్ పైకి వచ్చేలా బిగించి తెరిచాను. పారదర్శక గొట్టంలో ముందు జానెడు పొడవున గాలే వచ్చింది, తర్వాత ఆవగింజలంత బుడగలు, ఆ తర్వాత తేటగా ఆయిల్.

గాలి తీసేటప్పుడు పెడల్ కింద చెక్కముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎన్నడూ వెళ్లని చివర తుప్పు, మడ్డి ఉంటాయి. పెడల్‌ను నేలదాకా తొక్కితే సీలు వాటి మీద రాసుకుని చిరుగుతుంది. అలా మొదటి జబ్బుకు మందు వేయబోయి రెండోది తెచ్చుకున్నవాళ్లున్నారు. మాస్టర్ సిలిండర్ మీదుండే ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వకండి, అయితే మళ్లీ గాలి లోపలికి పోతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న కారులో గాలి ఆ యూనిట్‌లోకి చేరితే, చాలా కార్లలో స్కానర్ తగిలించి దాని పంపును తిప్పితే గాని బయటికి రాదు. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్. దాన్ని డాట్ 3, 4, 5.1లతో కలపకూడదు. హోస్ పైపు క్యాలిపర్‌ను కలిసేచోట రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయండి.

ఇంత చేసినా మెత్తదనం మిగిలితే ఏ చక్రం దగ్గరో కనిపెట్టాలి. రబ్బరు హోస్ పైపులన్నిటినీ గుండ్రటి అంచులున్న హోస్ క్లాంపులతో నొక్కి మూయండి. పటకారు వద్దు, స్టీలు అల్లిక ఉన్న పైపుల మీద ఏ క్లాంపూ వద్దు. పెడల్ రాయిలా మారితే మాస్టర్ సిలిండర్ నిర్దోషి. ఇక క్లాంపులు ఒక్కొక్కటే వదలండి. ఏది వదిలినప్పుడు పెడల్ మెత్తబడిందో ఆ చక్రం దగ్గర కూర్చోండి.

నా కారులో ముందు ఎడమ చక్రం దొరికింది. అక్కడ గాలి లేదు. ప్యాడ్ కూర్చునే గాడిలో తుప్పు పొరలు కట్టి, ప్యాడ్ ఒక పక్కకు వాలి ఉంది. తొక్కినప్పుడల్లా దాని ఇనుప పలక వంగి, వదిలితే తిరిగి లేస్తోంది. కాలికి తెలిసిన స్ప్రింగు అదే. గాడిని వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దితే ప్యాడ్ వేలితో తోసినా జరిగింది.

ఇక మూడోది. నా పాత క్యాలిపర్ పిస్టన్ 54 మిల్లీమీటర్లు, కొత్తది 60. వ్యాసంలో తేడా ఆరే అయినా వైశాల్యం సుమారు 23 శాతం పెరిగింది. అంటే పిస్టన్ అంతే దూరం కదలడానికి అంత ఎక్కువ ఆయిల్ కావాలి, పెడల్ అంత ఎక్కువ దిగాలి. ఎంత గాలి తీసినా ఈ లెక్క మారదు. 22.2 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్‌ను తీసి 23.8ది వేస్తే 15 శాతం దాకా వెనక్కి వస్తుంది, బదులుగా కాలితో ఇంకాస్త గట్టిగా తొక్కాలి. నేను వేయలేదు. వెనక డ్రమ్ముల్లో షూలు బాగా వదులై ఉన్నాయి. చక్రం తిప్పితే సన్నగా రాసుకునే చప్పుడు వచ్చేదాకా అడ్జస్టర్ బిగించి, ఆ చప్పుడు పోయేంత మాత్రం వదిలాను. పెడల్ రెండు వేళ్ల మందం పైకి లేచింది.

చివరగా పెడల్‌ను గట్టిగా నొక్కి నిమిషంపాటు అలాగే పట్టుకున్నాను. దిగి, ప్రతి జాయింటుకూ, నిపుల్‌కూ పొడి కాగితం చుట్టి చూశాను. నాలుగు చక్రాల దగ్గరా కాగితం పొడిగానే వచ్చింది. అప్పుడు గేటు తీశాను.