తాటాకు ప్రతి చదవలేకపోతున్నారా? నూనె సీసా తీసే ముందు ఇవి చూడండి

యూనివర్సిటీ లైబ్రరీలో తాళపత్రాలు తెప్పించుకున్నవాళ్లకు, వాటిని చూసుకునే సిబ్బందికి పనికొచ్చే విషయాలివి.

అక్షరాలు కనిపించడం లేదు

ఎక్కువమంది చెప్పే సమస్య ఇదే. మన ప్రాంతపు ప్రతుల్లో గంటంతో (మొనదేలిన ఇనుప కలంతో) ఆకు మీద గీసి, ఆ గీతల్లో మసి పట్టించారు. కాలం గడిచేకొద్దీ మసి రాలిపోతుంది, గీత మాత్రం మిగులుతుంది. లైటును పై నుంచి కాకుండా పక్క నుంచి, ఏటవాలుగా పడేలా పెట్టండి. గీతలో నీడ పడి అక్షరం తేలుతుంది. ఫొటో కూడా అలాగే తీయండి. చదవడానికి అది చాలితే ఆకును ఇంకేమీ చేయొద్దు.

చాలకపోతే సంరక్షణ సిబ్బంది మసిని నిమ్మగడ్డి నూనెలో కలిపి, మెత్తని నూలుగుడ్డతో పలచగా రాసి, పొడిగుడ్డతో తుడిచేస్తారు. పైన ఉన్నది పోయి, గీతల్లోది నిలుస్తుంది.

అయితే తాటాకు ప్రతులన్నీ గంటంతో గీసినవి కావు. ఉత్తరాది ప్రతుల్లో చాలావాటిని సిరాతో పైపైన రాశారు. వాటిని నూనెతో రుద్దితే అక్షరమే పోతుంది, మళ్లీ రాదు. భూతద్దం పెట్టి చూడండి: గీతకు లోతుంటే గంటం, లేకపోతే సిరా. అనుమానం ఉంటే నూనె జోలికి పోవద్దు. రంగుబొమ్మలున్న ఆకులకూ ఇదే మాట.

ఆకులు అంటుకుపోయాయి

తేమ వల్ల కావచ్చు, ఎప్పుడో ఎవరో నూనె ఎక్కువ పూసి ఉండొచ్చు. చాకుతోనో స్కేలుతోనో విడదీయకండి, అక్షరాలున్న పైపొర ఊడొస్తుంది. కట్టను అలాగే నిపుణులకు అప్పగించండి. గదిలో ఏసీ పగలు వేసి రాత్రి ఆపేస్తుంటే ముందు దాన్ని సరిచేయించండి. తేమ రోజూ పెరిగి తగ్గడం ఆకుకు చాలా చేటు.

రంధ్రాల కింద పొడి రాలుతోంది

తుడిచాక మళ్లీ కొత్తగా రాలితే పురుగు బతికే ఉందని అర్థం. ఆ కట్టను వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, సిబ్బందికి చెప్పండి.

కేటలాగులో ఒక పేరు, కట్టలో ఇంకో గ్రంథం

కంగారు పడకండి. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలుండటం మామూలే. ఆకుల అంచున ఉన్న తెలుగు అంకెలు మళ్లీ ౧ నుంచి ఎక్కడ మొదలయ్యాయో చూడండి. కావ్యమైతే ఆశ్వాసం (అంటే అధ్యాయం) చివరి గద్య వెతకండి. తరచూ "ఇది శ్రీమత్" అంటూ మొదలయ్యే ఆ గద్యలో కవి పేరు, కావ్యం పేరు రెండూ ఉంటాయి. మొదటి ఆకులు విరిగిపోయిన ప్రతిని కూడా దీంతోనే గుర్తుపట్టొచ్చు.

మీకు కావలసిన ఆకులే పోయాయా? చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం కేటలాగు చూడండి. సి.పి. బ్రౌన్ సేకరించిన, రాయించిన తెలుగు ప్రతులు అక్కడున్నాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ అడగండి.