నానోట్యూబులు కలిపినా టైటానియం బలపడలేదా? సమస్య – పరిష్కారం

భావనపాడు, కళింగపట్నం తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఉంది. టైటానియానికి అదే ముడి ఖనిజం. విజయనగరంలోనో ఎచ్చెర్లలోనో మెటలర్జీ చదివే పిల్లలు ఆ లోహం బలం పెంచడానికి కార్బన్ నానోట్యూబులు (కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు) జోడించే ప్రాజెక్టు తీసుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. కానీ సగం ప్రాజెక్టులు పొడి కలిపే దగ్గరే చెడిపోతాయి.

బలం పెరగకపోగా తగ్గింది

విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడండి. నల్లటి గుంపులు, వాటి పక్కనే ఖాళీలు కనిపిస్తే నానోట్యూబులు ఉప్మాలో రవ్వలా ఉండకట్టాయన్నమాట. పగులు అక్కడే మొదలవుతుంది. ట్యూబులను ముందు ఇథనాల్‌లో వేసి అల్ట్రాసోనిక్ బాత్‌లో విడదీయండి, తర్వాతే టైటానియం పొడి కలపండి. కదపకుండా ఆరబెడితే బరువైన టైటానియం అడుగుకు దిగిపోతుంది. అందుకే రోటరీ ఎవాపొరేటర్‌లో తిప్పుతూ ఆరబెట్టడం మేలు. నానోట్యూబులు బరువులో 0.5 శాతం దాటకుండా మొదలుపెట్టండి.

బాల్ మిల్లు (గట్టి గుండ్లతో పొడిని కలిపే యంత్రం) గంటల తరబడి తిప్పితే ఉండలు పోతాయి, వాటితోపాటు ట్యూబులూ ముక్కలవుతాయి. లేజర్ కాంతితో చేసే రామన్ పరీక్షలో 1350 సెం.మీ⁻¹ దగ్గరి డి శిఖరం (ట్యూబుల్లోని లోపాలకు గుర్తు), 1580 సెం.మీ⁻¹ దగ్గరి జి శిఖరంతో (చెడని కార్బన్ అల్లికకు గుర్తు) పోలిస్తే పెరిగిపోతుంటే మిల్లు ఆపేయండి.

గట్టిగా ఉంది, కానీ సాగకుండా పుటుక్కున విరుగుతోంది

ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (లోపల ఏ పదార్థాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పరీక్ష) చేయించండి. రాగి ఎక్స్‌రే ట్యూబున్న యంత్రమైతే 41.7 డిగ్రీల కోణం (2θ) దగ్గర చూడాలి. 36 దగ్గరి శిఖరం టైటానియం శిఖరానికి మరీ దగ్గర, దాన్ని నమ్ముకోవద్దు. 41.7 దగ్గర శిఖరం బలంగా ఉంటే కార్బన్ టైటానియం కార్బైడ్‌గా మారిపోయింది. ట్యూబు చుట్టూ పలచటి కార్బైడ్ పొర మంచిదే, పట్టు ఇస్తుంది. ట్యూబంతా మారిపోతేనే చిక్కు. స్పార్క్ ప్లాస్మా సింటరింగ్‌లో (గ్రాఫైట్ అచ్చులో పొడిని నొక్కుతూ, కరెంటుతో త్వరగా వేడిచేసి గట్టిపరిచే పద్ధతి) 800–900 డిగ్రీల సెల్సియస్, 50 మెగాపాస్కల్, 5 నిమిషాలతో ప్రయత్నించండి. మామూలు వాక్యూమ్ ఫర్నేస్‌లో 1200 డిగ్రీల పైన గంటలకొద్దీ ఉంచితే ట్యూబులు మిగలవు. అప్పుడు రిపోర్టులో కార్బైడ్ కాంపోజిట్ అనే రాయండి, అదే నిజాయితీ.

కార్బైడ్ పెద్దగా లేకపోయినా పెళుసుగా ఉంటే ఆక్సిజన్‌ను అనుమానించండి. గ్రేడ్ 5 టైటానియంలో (అల్యూమినియం, వనేడియం కలిసిన మిశ్రలోహం) దానికి పరిమితి 0.20 శాతమే. మిల్లు జాడీని ఆర్గాన్‌తో నింపండి, పూర్తిగా చల్లారాక గ్లోవ్ బాక్స్‌లోనే (గాలి చొరబడని, చేతి తొడుగులున్న పెట్టె) తెరవండి. సన్నటి టైటానియం పొడికి గాలి తగిలితే అంటుకునే ప్రమాదమూ ఉంది. మంట వస్తే నీళ్లు అసలు పోయొద్దు, పొడి ఇసుక కప్పండి.

పైన ఎక్కువ గట్టిదనం, లోపల తక్కువ

సింటరింగ్‌లో వాడిన గ్రాఫైట్ అచ్చు నుంచి కార్బన్ పైపొరలోకి దిగింది. ఆ పొరను గ్రైండ్ చేసి తీసేశాకే గట్టిదనం కొలవండి.